ప్యాకేజీలో లేని దారి

తెలుగులో వన్ డే టూరు మీద వచ్చిన మొదటి పుస్తకం క్రీడాభిరామం అని మా ఎం.ఏ. విద్యార్థులతో సరదాగా అంటుంటాను. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు కాకతీయుల ఓరుగల్లులో ఒక రోజంతా తిరుగుతారు. సంత, పూటకూళ్లిల్లు, కోడిపందేలు, గుళ్లు, వేశ్యవాడ అన్నీ చూస్తారు. ఒకరు చూపిస్తే ఇంకొకరు వ్యాఖ్యానం చెబుతారు. పుస్తకం వినుకొండ వల్లభరాయుడి పేరు మీద ఉంది. కాదు, శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి వాదించారు. అది ఏ మగవాడు రాశాడన్న చర్చ మన సాహిత్య చరిత్రల్లో చాలానే నడిచింది. అందులో నడిచిపోయే ఆడవాళ్ల గురించి చర్చ మాత్రం తక్కువ.

ఆడవాళ్లు లేక కాదు. అడుగడుగునా ఉన్నారు. వీధి మలుపు తిరిగితే ఒక స్త్రీ ఎదురవుతుంది, ఇద్దరూ ఆగి చూస్తారు, ఆమె ఒంటి మీద ఒక పద్యం పుడుతుంది, ముందుకు సాగుతారు. కులం మారుతుంది, వృత్తి మారుతుంది, చూపు మారదు. ప్రతాపరుద్రుడి వెలయాలు మాచల్దేవికి పేరుంది, బొమ్మలు రాయించుకున్న చిత్రశాల ఉంది. దారిన పోయే స్త్రీలలో ఎక్కువమందికి పేరు కూడా లేదు. అయితే ఇద్దరు స్త్రీల దగ్గర మాత్రం ఈ పర్యాటకుల చెవి కూడా పనిచేస్తుంది. ఒకామె కామవల్లి కథ పాడుతూ వచ్చే జక్కుల స్త్రీ. ఇంకొకామె వాద్యం వాయిస్తూ పల్నాటి వీరుల కథను ద్విపదలో పాడుతుంది. ఆమె పలికే ఒక్కొక్క అక్షరానికీ కుర్రవాళ్లు ఊగిపోతారు. ఆ ఒక్క చోట చూసేవాళ్లు వినేవాళ్లవుతారు.

ఇదంతా క్లాసులో చెప్పడం ఒక ఎత్తు. అదే ఊరికి, గైడు మైకులో చెబుతుంటే వింటూ, ముప్పై ఏళ్లు ఏఎన్ఎంగా పనిచేసిన మా అమ్మ పక్కన కూర్చుని వెళ్లడం ఇంకో ఎత్తు.

అమ్మకు మోకాళ్ల ఆపరేషన్ తప్పదన్నారు. "చేయించుకుంట గని, అంతకు ముందు ఒక్కపారి ఓరుగల్లు జూపియ్యి బిడ్డా" అంది. నాకు ఆశ్చర్యమేసింది. అమ్మ జనగామ వైపు పల్లెల్లో పనిచేసింది. అప్పుడు జనగామ వరంగల్ జిల్లాలోనే ఉండేది. ట్రైనింగులకీ, మీటింగులకీ లెక్కలేనన్నిసార్లు వరంగల్ వెళ్లొచ్చింది. నువ్వు చూడని వరంగలా అంటే, "పోయిన గని సూడలె. మీటింగయినంక బస్సు దొరుకుతదా దొరకదా అనే సూసిన" అంది.

ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఉద్యోగం చేసే స్త్రీ ఊళ్లు తిరుగుతుంది. అందరూ ఆమెను "బయట ప్రపంచం చూసిన మనిషి" అనుకుంటారు. చూడాలంటే కాళ్లు ఒక్కటే చాలవు. సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చేసరికి ఇల్లు చేరాలన్న లెక్క తలలో నడవకుండా ఉండాలి. మంచనశర్మకు ఆ లెక్క లేదు. అందుకే అతను ఒక పగలంతా ఊరు తిరిగి పద్యాలు చెప్పగలిగాడు.

పొద్దున ఆరింటికి సికింద్రాబాద్‌లో చిన్న బస్సు ఎక్కాం. పద్నాలుగు మందిమి. "ఇద్దరేనా మేడం? సార్ రాలేదా?" అన్నాడు గైడు. చరిత్రలో పీజీ చేసి, గ్రూప్స్‌కి చదువుకుంటూ, ట్రిప్పుకింత అని తీసుకుని ఈ పని చేస్తున్న కుర్రాడు. సార్ లేరని చెప్పాను. ఇంకేదో అడగబోయి అమ్మ ముఖం చూసి ఆగాడు. మంచి పిల్లాడే.

అమ్మ చేతిలో నీళ్ల సీసా ఉంది గాని మూత తీయలేదు. నాకు తెలుసు ఎందుకో. గర్భిణులకు నీళ్లు బాగా తాగండని ఊరూరా తిరిగి చెప్పిన మనిషి, బస్సెక్కే రోజు మాత్రం నీళ్లు ముట్టదు. మన దేశంలో ఆడవాళ్ల ప్రయాణ చరిత్ర రాస్తే, అందులో ఒక అధ్యాయం తాగని నీళ్ల గురించి ఉండాలి.

భువనగిరి గుట్ట దాటి, ఆలేరు దాటి జనగామ దగ్గర పడేసరికి బస్సులో ఇద్దరు గైడ్లు తయారయ్యారు. ముందు మైకులో కుర్రాడు కాకతీయ రాజుల వరస చెబుతున్నాడు. నా చెవి దగ్గర అమ్మ గొంతు తగ్గించి, కిటికీలోంచి వేలు చూపిస్తూ తన వరస చెబుతోంది. "గా తొవ్వల పోతె ఒక తండ ఉంటది. వానలో వాగు దాటి పోయిన. కవలలు. ఇద్దరు బతికిండ్రు." ఇంకొంచెం దూరం పోయాక, "గా ఊర్లె ఒక పిల్ల రక్తం వోయి చచ్చిపోయింది. జీపు రాలె. పదిహేడేండ్లుండె." మైకులో ప్రోలరాజు, రుద్రదేవుడు, మహాదేవుడు, గణపతిదేవుడు. నా చెవిలో పేర్లు లేని తండాలు. రెండూ ఆ నేల చరిత్రే. ఒకదానికి శాసనాలున్నాయి. ఇంకొకదానికి అమ్మ రాసిన రిజిస్టర్లుండేవి. అవి ఇప్పుడు ఏ గదిలో చెదలు పట్టి ఉన్నాయో.

హనుమకొండలో వేయిస్తంభాల గుడి చూశాం. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి మూడు గర్భగుళ్లు. విప్పదీసిన కల్యాణమండపాన్ని మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు. అమ్మ నెమ్మదిగా మెట్లెక్కి, ఒక స్తంభానికి ఆనుకుని, రాతి నునుపును అరచేత్తో తడిమి చూసింది. ఫొటో తీస్తానంటే వద్దంది. "సూడనియ్యి" అంది.

అక్కణ్నుంచి కోటకు వెళ్లాం. నాలుగు కీర్తితోరణాల మధ్య స్వయంభూ దేవుడి గుడి శిథిలాలు పరిచి ఉన్నాయి. ఈ తోరణమే 2014లో తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోకి ఎక్కింది. గైడు గొంతు ఇక్కడ పెరిగింది. రుద్రమదేవి గుర్రం ఎక్కింది, కత్తి పట్టింది, మగవేషంలో కొలువు తీరింది, దేవగిరి యాదవుల్ని తరిమింది. 2015లో వచ్చిన సినిమా బొమ్మ ఫోనులో చూపించాడు. "రాణి కాదండీ, రాజు!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మా బస్సులో పదేళ్ల పిల్ల ఒకతె ఉంది. "అమ్మాయే కదా, మరి రాజు అని ఎందుకనాలి?" అని అడిగింది. వాళ్ల నాన్న నవ్వి, ఆ పిల్ల తల నిమిరాడు.

ఆ ప్రశ్న నవ్వి వదిలేసేది కాదు. శాసనాల్లో ఆమె చాలాచోట్ల రుద్రదేవ మహారాజు. తండ్రి గణపతిదేవుడు ఆమెకు మగపేరు పెట్టి కొడుకుగా భావించాడని విద్యానాథుడి ప్రతాపరుద్రీయం చెబుతుంది. ఇక మార్కోపోలో ఆమె పాలనను మెచ్చుకున్నాడు గాని, ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. ఇంటివాళ్లు కొడుకన్నారు, బయటివాడు విధవ అన్నాడు. కూతురు కూతురుగానే తండ్రి గద్దె మీద కూర్చుందని చెప్పడానికి ఇద్దరి దగ్గరా మాట లేదు. ఏడున్నర శతాబ్దాల తర్వాత మైకులోనూ లేదు. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు ఆమె భర్త. ఆమెకు పుట్టినవాళ్లు కూతుళ్లు. వాళ్లలో ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ని ఆమె వారసుణ్ని చేసుకుంది. గద్దె కూతుళ్ల పక్కనుంచి నడిచి మనవడి దగ్గరికి చేరింది.

గుర్రాలు, కత్తులే చెప్పే ఈ కథలో నాకు ఎప్పుడూ లోటుగా అనిపించేది మల్కాపురం శాసనం. గుంటూరు సీమలోది, 1261 నాటిది. మందడం, వెలగపూడి గ్రామాలను రుద్రమదేవి శైవాచార్యుడు విశ్వేశ్వర శివాచార్యుడికి దానం చేసింది. ఆ ఆదాయంలో ఒక భాగం ప్రసూతిశాలకి, ఆరోగ్యశాలకి కేటాయించారు. రాళ్ల నీడలో కూర్చుని ఈ సంగతి అమ్మకు చెప్పాను. అమ్మ కళ్లు విప్పార్చింది.

"కాన్పుల దవాఖాననా? అప్పట్లనా?"

"అవునమ్మా. శాసనంలో ఉంది."

"ఎన్ని మంచాలు? మంత్రసానికి జీతం ఎవలిచ్చిండ్రు? రాత్రి పూట ఎవలుండేది?"

ఎం.ఫిల్.లో, పీహెచ్‌డీలో ఎన్ని సెమినార్లకు వెళ్లాను! ఆ శాసనం గురించి శైవమత వ్యాప్తి కోణంలో, భూదానాల కోణంలో, మఠాల చరిత్ర కోణంలో విన్నాను. రాత్రి డ్యూటీ ఎవరిదని అడిగిన మొదటి మనిషి మా అమ్మ. పనిచేసిన వాళ్లు అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది. శాసనం దాత కీర్తి కోసం చెక్కుతారు. అమ్మ అందులో పనిమనిషిని వెతుకుతుంది. అంతకన్నా మంచి స్త్రీవాద చరిత్ర పద్ధతి నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఈలోగా అమ్మకు ఇబ్బంది మొదలైంది. నీళ్లు తాగకపోయినా శరీరం ఊరుకోదు కదా. పొద్దున ఆగిన హోటల్లో ఆడవాళ్ల గది తలుపుకు తాళం. గైడును అడిగితే "నెక్స్ట్ స్టాప్‌లో మేడం, లంచ్ దగ్గర" అన్నాడు. మా సంభాషణ విన్నట్టుంది, అక్కడ ఊడుస్తున్న ఒకామె చీపురు పక్కన పెట్టి, "మా ఇల్లు గీడనే, రా అక్కా" అని అమ్మ చెయ్యి పట్టుకుంది. కోట గోడల లోపల ఇప్పటికీ ఊరుంది, ఇళ్లున్నాయి, చేలున్నాయి. పావుగంట తర్వాత అమ్మ తిరిగొచ్చింది. ముఖం తేటగా ఉంది. సీసాలో నీళ్లు సగమయ్యాయి. "ఆమె కోడలికి ఏడో నెల. కాళ్లు వాసినయి. బీపీ సూపించుకొమ్మని చెప్పొచ్చిన" అంది. పావుగంట ఆలస్యమైందని గైడు గడియారం చూసుకున్నాడు. మా పద్నాలుగు మందిలో ఓరుగల్లు కోట లోపల ఒక ఇల్లు చూసింది అమ్మ ఒక్కతే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ములుగు దారి పట్టి రామప్పకు వెళ్లాం. 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది. ఇసుక పునాది, నీళ్లలో తేలే ఇటుకలు, శిల్పి పేరుతో పిలిచే గుడి అంటూ గైడు బాగా చెప్పాడు. శిల్పి పేరు నిలిచిందంటే సంతోషమే. ఆ తర్వాత చూరు కింద నల్లరాతి మదనికల దగ్గరికి తీసుకెళ్లాడు. "చూడండి మేడం, ఎనిమిది వందల ఏళ్ల కిందే హైహీల్స్!" అని ఒక బొమ్మ పాదాల వైపు చూపించాడు. అందరూ నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి. పాదాల నుంచి నడుముకు, నడుము నుంచి పైకి కెమెరాలు జూమ్ అయ్యాయి. మగవాళ్లు పక్కనున్న భార్యల్ని చూసి ఏవో పోలికలు తెచ్చారు. క్రీడాభిరామం చదివిన వాళ్లకు ఇది కొత్త దృశ్యం కాదు.

ఆ శిల్పాల అందాన్ని కాదనను. నాకూ కళ్లు తిప్పుకోవాలనిపించలేదు. ఆ రాళ్లలో ఉన్నది ఒళ్లు మాత్రమే కాదు, విద్య కూడా. అక్కడి స్త్రీలు ఆడుతున్నారు, మద్దెల వాయిస్తున్నారు. కాళ్ల లయ, చేతుల లెక్క తెలిసిన ఆడవాళ్లను చూడకుండా ఏ శిల్పీ ఆ భంగిమలు చెక్కలేడు. గణపతిదేవుడి గజసేనాని జాయపుడు నృత్తరత్నావళి రాసిన కాలం అది. ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనూ ముందు పెట్టుకునే నటరాజ రామకృష్ణ పేరిణిని మళ్లీ రంగం మీదికి తెచ్చారు. గైడు పేరిణి గురించి చెప్పాడు, యుద్ధానికి వెళ్లే మగవాళ్ల నాట్యమని. తల మీద మద్దెల కొడుతున్న స్త్రీ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆమెను చూస్తే నాకు పల్నాటి కథ పాడిన ఆ పేరు లేని గాయని గుర్తొచ్చింది. ఒకరు రాతిలో, ఒకరు పద్యంలో. ఇద్దరి చేతుల్లోనూ వాద్యం ఉంది, ఇద్దరి పేర్లూ లేవు.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్క బోర్డు కనిపించింది. మేడారం. అమ్మ ఉత్సాహంగా లేచి, "బిడ్డా, గీ తొవ్వనే కదా! ఒక్కపారి మొక్కి పోదామా?" అని గైడును అడిగింది.

"అది ప్యాకేజీలో లేదమ్మా" అన్నాడు.

నిజమే, లేదు. చీకటి పడుతోంది, హైదరాబాద్ చాలా దూరముంది. అతని తప్పేం కాదు. కానీ ఆ వాక్యం నా మనసులో ఉండిపోయింది. కాకతీయుల యాత్రలో సమ్మక్క సారక్క ఎందుకు ఉంటారు? ఆ కథలో కాకతీయులు శత్రువులు. కరువొచ్చి పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయాడు. ప్రతాపరుద్రుడి సైన్యం అడవి మీదికి వచ్చింది. పగిడిద్దరాజు, సారక్క పోరాడి చనిపోయారు. కొడుకు జంపన్న వాగులో పడి ప్రాణం విడిస్తే ఆ వాగు జంపన్న వాగైంది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి మాయమైంది. అక్కడ ఒక కుంకుమ భరిణె దొరికింది. కోయల నోట బతికిన కథ ఇది. ప్రసూతిశాలకు ఊళ్లిచ్చిన రుద్రమ పెంచి గద్దెనెక్కించిన మనవడే ఈ కథలో పన్ను కోసం అడవి మీదికి సైన్యాన్ని పంపినవాడు.

మనం వీరనారుల జాబితాలు రాసుకునేటప్పుడు రుద్రమ పేరూ, సమ్మక్క పేరూ ఒకే వాక్యంలో కామా పెట్టి రాస్తాం. ఆ కామా కింద ఒక యుద్ధం ఉంది. రాజ్యమేలిన స్త్రీకీ, రాజ్యం చేతిలో చనిపోయిన స్త్రీకీ మధ్య ఉన్న దూరం అది. స్త్రీలందరం ఒకటేనని ఆదివాసీ, దళిత రచయిత్రుల ముందు తొందరపడి అనడం సులువు కాదని మన చర్చల్లో ఎన్నోసార్లు విన్నాం. ములుగు రోడ్డు మీద ఆ మాట నాకు రెండుగా చీలిన దారిలా కనిపించింది. బస్సు ఒక దారినే పోతుంది.

ఇంకో సంగతి కూడా ఆ బోర్డు దగ్గరే తట్టింది. మేడారంలో దేవతలకు విగ్రహం లేదు. సమ్మక్క కుంకుమ భరిణెగా చిలకలగుట్ట నుంచి వస్తుంది, సారక్క కన్నెపల్లి నుంచి గద్దెకు చేరుతుంది. జూమ్ చేయడానికి నడుము లేదు, పాదాలు లేవు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి లక్షలాది జనం నడిచి వెళ్లి, బెల్లాన్ని బంగారమని పిలిచి సమర్పించి వస్తారు. అక్కడ గద్దెల మీద ఉన్నది తల్లీ, బిడ్డా. కూతురికి కొడుకు పేరు పెట్టాల్సిన అవసరం ఆ కథకు రాలేదు.

అమ్మ కిటికీలోంచి ఆ దారి కనుమరుగయ్యే దాకా చూసింది. చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మతో ఎడ్లబండిలో వెళ్లిందట. తర్వాత రెండుసార్లు జాతర డ్యూటీ పడింది. "జ్వరాల గోలీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచుడే సరిపోయింది. గద్దెల దాకా పోనే లేదు" అంది. మళ్లీ అదే, పోయింది గాని చూడలేదు.

రాత్రి బస్సులో దీపాలార్పేశారు. మైకు కట్టేసిన గైడు మా ముందు సీట్లో వచ్చి కూర్చున్నాడు. మైకు లేని అతని గొంతు వేరుగా ఉంది. వాళ్ల అమ్మమ్మ ప్రతి జాతరకూ నిలువెత్తు బెల్లం మొక్కేదట. మేడారం కథ అతనికి మాకన్నా బాగా తెలుసు. "మరి చెప్పవేమయ్యా?" అంటే, "స్క్రిప్ట్ వాళ్లే ఇస్తరమ్మా. మధ్యల వేరేది చెప్తే టైమ్ సరిపోదు" అన్నాడు. కాసేపాగి, ప్రసూతిశాల శాసనం ఏ ఊళ్లోదో మళ్లీ చెప్పమని అడిగి, ఫోనులో రాసుకున్నాడు. వచ్చే ట్రిప్పులో చెబుతాడో లేదో. చెబితే ఎవరో ఒక పదేళ్ల పిల్ల వింటుంది.

అమ్మకు ఆపరేషన్ అయింది. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి రోజూ వచ్చి, వాకర్ పట్టించి వరండాలో నడిపిస్తోంది. మొదటి వారం ఇరవై అడుగులు, ఇప్పుడు రెండు వందలు. నిన్న మధ్యలో ఆగి ఆ అమ్మాయిని అడుగుతోంది, జంపన్న వాగు నుంచి గద్దెల దాకా ఎన్ని అడుగులుంటదో లెక్కగట్టి చెప్పమని.